క్లాస్ లీడర్‌ని చేశారు, చేతిలోంచి టెస్టర్ తీసేసుకున్నారు

ప్రశ్న:

పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరిన ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 19 ఏళ్లు. ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండో సంవత్సరం. నాన్న తాపీ మేస్త్రీ. అమ్మ పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన వెంటే సైట్లకు వెళ్లి ఇసుక, కంకర మోసింది. ఇద్దరూ కూలీలుగానే మొదలుపెట్టారు. నాన్న మేస్త్రీ అయ్యాడు, అమ్మ ఇప్పటికీ కూలీయే. "మా అమ్మ చేతికి ఎవరూ తాపీ ఇవ్వలేదు. అందుకే నేను పనిముట్టు పట్టే చదువే చదవాలనుకున్నాను" అని రాసింది.

క్లాసులో 20 మంది, అందులో ఆడపిల్లలు ముగ్గురు. రెండో సంవత్సరం మొదట్లో ఇన్‌స్ట్రక్టర్ ఈమెను క్లాస్ లీడర్‌ని చేశారు. మొదట చాలా సంతోషపడింది. తర్వాత అటెండెన్స్ రిజిస్టరు, స్కాలర్‌షిప్ లిస్టులు, ఎవరైనా అధికారి వస్తే బొకే, స్టేజీ డెకరేషన్, అన్నీ ఆమె మీద పడ్డాయి. "స్టార్ డెల్టా స్టార్టర్ (పెద్ద మోటారును స్టార్ట్ చేసే పరికరం) కనెక్షన్ ప్రాక్టికల్ జరిగిన రోజు నేను ఆఫీసులో కంప్యూటర్ ముందు ఉన్నాను. రికార్డులో మాత్రం నేనే చేసినట్టు ఉంది."

ఈ ఏడాది ఎలక్ట్రీషియన్, ప్లంబర్, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడ్లలో కలిపి నలుగురు అమ్మాయిలు కొత్తగా చేరారు. ఏం కావాలన్నా 'అక్కా' అంటూ ఈమె దగ్గరికే వస్తారు. వర్క్‌షాపులో గోడకు గాడి కొట్టే పని వస్తే అబ్బాయిలు వాళ్ల చేతిలోంచి సుత్తి, ఉలి తీసుకుని "మీ రైటింగ్ బాగుంటుంది, రికార్డు రాయండి" అంటారట. ఆడపిల్లల బాత్రూమ్‌కి తాళం, తాళంచెవి ఆఫీసులో అటెండర్ దగ్గర. ప్రతిసారీ వెళ్లి అడగాలి.

ఆ నలుగురిలో ఒకమ్మాయిని ఆన్ ద జాబ్ ట్రైనింగ్ కోసం ఒక అపార్ట్‌మెంట్ సైటుకు పంపారు. అక్కడి కాంట్రాక్టరు దగ్గర పనిచేసే సూపర్‌వైజరు ఆమె ఒంటి గురించి మాట్లాడతాడు, రాత్రిపూట మెసేజ్‌లు పెడతాడు, ఒకసారి చెయ్యి పట్టుకుని లాగాడు. ఆ పిల్ల ఏడుస్తూ చెప్పి, "ఎవరికీ చెప్పొద్దక్కా, నా మీద ఒట్టు. ఇంట్లో తెలిస్తే చదువు మానిపిస్తారు" అంది. అదే కాంట్రాక్టరు మన పాఠకురాలిని కోర్సు అయ్యాక అప్రెంటిస్‌గా తీసుకుంటానని ఇన్‌స్ట్రక్టరుకు మాటిచ్చాడు. ఇంటర్నల్ మార్కులు ఇన్‌స్ట్రక్టరు చేతిలో ఉన్నాయి. అమ్మేమో "ఇంకొన్ని నెలలు నోరు మూసుకుని సర్టిఫికెట్ తెచ్చుకో, ఊరందరి బరువు నీకెందుకు" అంటోంది.

ఆమె అడిగినవి మూడు. లీడర్ పని వదిలేయాలా? ఒట్టు నిలబెట్టుకోవాలా? ఆ అప్రెంటిస్ అవకాశం తీసుకోవాలా?

జవాబు:

అమ్మా, నీ ఉత్తరంలో అన్నీ ఒకే ముడిలా కనిపిస్తున్నాయి. అందుకే నీకు ఊపిరాడటం లేదు. విడదీసి చూస్తే ఇందులో వేర్వేరు విషయాలు ఉన్నాయి, వాటన్నిటికీ ఒకే తొందర లేదు. లీడర్ సంగతి వారం ఆగినా ఏం కాదు. జూనియర్ సంగతి ఆగదు. నువ్వు దాన్ని రెండో ప్రశ్నగా రాశావు, నేను దానితోనే మొదలుపెడతాను.

ఆమె వయసెంతో నువ్వు రాయలేదు. ముందు తెలుసుకోవాల్సింది అదే. పదో తరగతి అవగానే ఐటీఐలో చేరే పిల్లలకు 16, 17 ఏళ్లే ఉంటాయి. ఆమెకు 18 నిండకపోతే ఇది పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం పరిధిలోకి వస్తుంది. ఆ చట్టం ప్రకారం పిల్లల మీద ఇలాంటిది జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోవడం కూడా తప్పే. అంటే ఆమె మైనరైతే, ఎంత ప్రేమతో వేసిన ఒట్టయినా నువ్వు నిలబెట్టుకోగలిగింది కాదు. నీకంటే ముందు ఐటీఐలోని పెద్దవాళ్లు మొయ్యాల్సిన బాధ్యత ఇది. 1098కి ఫోన్ చేస్తే పిల్లల సహాయ కేంద్రం వాళ్లు దగ్గరుండి దారి చూపిస్తారు. బాధితురాలి పేరు, వివరాలు బయటపెట్టకూడదని అదే చట్టం చెబుతోంది. ఆమె భయపడుతున్నది ఊళ్లో తెలిసిపోతుందనే కాబట్టి ఈ మాట ఆమెకు తప్పకుండా చెప్పు.

అలాగని ఆమెకు తెలియకుండా వెళ్లి చెప్పొద్దు. నిన్ను నమ్మి చెప్పింది. ముందు ఆమె దగ్గర కూర్చుని, "నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇది నేనొక్కదాన్నే దాచుకోలేను, దాచకూడదు కూడా. ఎవరి దగ్గరికి వెళ్దామో నువ్వే చెప్పు, నీ పక్కన నేనుంటాను" అను. వెళ్లాలా వద్దా అన్నది ఆమె చేతిలో లేకపోయినా, ముందు ఎవరికి చెప్పాలి, ఎవరిని తోడు తీసుకెళ్లాలి అన్నవి ఆమె ఎంచుకోవచ్చు. జరిగినదాంట్లో ఆమెను అడిగి చేసింది ఒక్కటీ లేదు. కనీసం ఇకమీదట జరిగేవైనా ఆమెను అడిగి జరగాలి.

ఆమెకు 18 నిండి ఉంటే నిర్ణయం పూర్తిగా ఆమెదే. అప్పుడు వర్తించేది పని ప్రదేశాల్లో స్త్రీల మీద లైంగిక వేధింపుల గురించి 2013లో వచ్చిన చట్టం. దీని గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. ఉద్యోగం చేసే ఆడవాళ్లకే ఇది వర్తిస్తుందని, స్టూడెంట్లకు కాదని అనుకుంటారు. ట్రైనీలు, అప్రెంటిస్‌లు కూడా ఆ చట్టం లెక్కలో ఉన్నారు. వృత్తి శిక్షణ సంస్థలూ ఉన్నాయి. 10 మందీ అంతకు మించీ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి ఒక మహిళే అధ్యక్షురాలిగా ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. మీ ఐటీఐలో ఆ కమిటీ ఉందా, సభ్యులెవరు అన్న వివరాలు గోడ మీద రాసి ఉండాలి. లేకపోతే ఆఫీసులో అడుగు. ఆ కాంట్రాక్టరు దగ్గర 10 మంది కంటే తక్కువ ఉంటే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. దాని గురించి కలెక్టరేట్‌లోనో, మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులోనో చెబుతారు.

గడువు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. చివరిసారి జరిగిన రోజు నుంచి 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలల వరకు పొడిగించవచ్చు. కాబట్టి "పరీక్షలు అయ్యాక చూద్దాంలే" అనుకుంటే దారి మూసుకుపోవచ్చు.

ఆమె ముందున్న దారులు ఇవి. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే విచారణ 90 రోజుల్లో ముగియాలి. అది సులువుగా ఉండదు. జరిగినదంతా మళ్లీ చెప్పాలి, అవతలివాడు అబద్ధం అంటాడు. కానీ విచారణ నడుస్తున్నప్పుడే సైటు మార్చమని కమిటీని కోరవచ్చు, వివరాలు బయటికి పొక్కకూడదని చట్టమే చెబుతోంది. రెండో దారి, ఫిర్యాదు లేకుండా ఒక మహిళా ఇన్‌స్ట్రక్టరు ద్వారా సైటు మాత్రం మార్పించుకోవడం. ఆమెకు వెంటనే ఊరట దొరుకుతుంది. వచ్చే ఏడాది అదే సైటుకు ఇంకో అమ్మాయిని పంపుతారు, ఆ సంగతి కూడా ఆమెకు తెలిసి ఉండాలి. అయినా ఆమె ఇదే ఎంచుకుంటే నిందించొద్దు. మూడోది ఊరుకోవడం. దానివల్ల ఇంట్లో ఇవాళ్టికి గొడవ ఉండదు. కానీ ఆ మనిషి ఇక్కడితో ఆగుతాడని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు, మాటల నుంచి చెయ్యి పట్టుకోవడం దాకా వచ్చాడు కదా.

ఏ దారైనా సరే, ఈరోజే చేయాల్సింది ఒకటుంది. మెసేజ్‌లు డిలీట్ చేయొద్దని ఆమెకు చెప్పు. అసహ్యంతో చెరిపేస్తారు పిల్లలు. స్క్రీన్‌షాట్లు తీసి ఇంకోచోట దాచమను. ఏ తేదీన ఏం జరిగింది, అక్కడ ఇంకెవరున్నారు అన్నది ఆమె మాటల్లోనే ఒక కాగితం మీద రాసుకోమను. నువ్వు మాత్రం విచారణ చేయొద్దు, ఆ సూపర్‌వైజరుతో మాట్లాడొద్దు. క్లాసులో అబ్బాయిలకు చెప్పి వాళ్లను సైటు మీదికి పంపాలని కోపంలో అనిపిస్తుంది. అలా చేస్తే రేపటికి కథ మొత్తం "ఐటీఐ కుర్రాళ్ల గొడవ" అయిపోతుంది, ఆమె పేరు ఊరంతా తిరుగుతుంది.

ఇంట్లో చదువు మానిపిస్తారన్న భయం ఉత్తది కాదు. వాళ్లమ్మతో ముందు మాట్లాడించడం ఒక పద్ధతి. పక్కన ఒక మేడమ్ కూర్చుని "తప్పు మీ పిల్లది కాదు, సైటు మార్చాం, చదువు ఆగక్కర్లేదు" అని చెబితే ఆ మాటకున్న బరువు వేరు. ఆపదలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రాలు జిల్లాల్లో ఉన్నాయి. వాటిలో కౌన్సెలర్లు ఉంటారు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే కలుపుతారు. ఇంట్లోవాళ్లతో మాట్లాడటంలోనూ వాళ్ల సాయం అడగవచ్చు.

ఇక నీ సంగతి.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన వాక్యం స్టార్ డెల్టా గురించి రాసింది. నువ్వు దాన్ని నీకు జరిగిన అన్యాయంగా రాశావు. అన్యాయమే. కానీ అంతకు మించి అది ప్రమాదం. రేపు ఏదో మిల్లులోనో, అపార్ట్‌మెంట్ మోటారు గదిలోనో నీ సర్టిఫికెట్ చూసి త్రీ ఫేజ్ ప్యానెల్ నీకు అప్పగిస్తారు. అక్కడ 415 వోల్టులు ఉంటాయి. రికార్డులో నువ్వు చేసినట్టున్న పనిని నిజంగా మొదటిసారి అక్కడ చేయాల్సి వస్తుంది. వైండింగ్ చివరలు తప్పుగా కలిపితే మోటారు కాలుతుంది. ఇంకేదైనా తప్పు చేస్తే మనిషే పోతాడు.

మీ సిలబస్ లెక్క ఒకసారి చూడు. ఏడాదికి 1200 గంటల శిక్షణ, అందులో 840 గంటలు ట్రేడ్ ప్రాక్టికల్. దానిపైన 150 గంటలు ఆన్ ద జాబ్ ట్రైనింగ్ లేదా గ్రూప్ ప్రాజెక్టు. ఈ కోర్సుకు ప్రాణం ఆ 840 గంటలే. థియరీ పుస్తకం కొనుక్కుని ఇంట్లో చదువుకోవచ్చు, ప్యానెల్ బోర్డు ఇంట్లో దొరకదు. లీడర్ పని పేరుతో నీ నుంచి పోతున్న ప్రతి గంటా ఆ 840లోంచే పోతోంది. మీ క్లాసులో రిజిస్టరు మోయని అబ్బాయికి మాత్రం ఆ గంటలన్నీ మిగులుతున్నాయి.

ఇన్‌స్ట్రక్టరుది చెడ్డ ఉద్దేశమని నేను అనుకోవడం లేదు. "ఆడపిల్ల అయితే శ్రద్ధగా చేస్తుంది" అన్న నమ్మకంతోనే నిన్ను పెట్టి ఉంటారు. అయితే మీ అమ్మ విషయంలోనూ ఎవరూ చెడు తలపెట్టలేదు. ఆమె నమ్మకస్తురాలు, ఓపిక ఉన్న మనిషి, అందుకే తట్ట ఆమె నెత్తిన అలాగే ఉండిపోయింది. అమ్మకు తట్ట, నీకు రిజిస్టరు, జూనియర్లకు రికార్డు బుక్కు. మన దేశంలో నిర్మాణ పనుల్లో ఆడవాళ్లు లేని సైటు ఉండదు, కానీ కొలత తీసే చోట, మట్టం చూసే చోట, కనెక్షన్ ఇచ్చే చోట వాళ్లను వెతుక్కోవాలి. మీ ఐటీఐలో జరుగుతున్నది ఆ పెద్ద సంగతికి చిన్న రూపం. దీన్ని గుర్తుపట్టావు కాబట్టే నాకు ఉత్తరం రాశావు.

అయితే ఏం చేయాలి? పదవి వదిలేయవచ్చు. ప్రాక్టికల్ గంటలు వెంటనే తిరిగొస్తాయి, టెన్షన్ తగ్గుతుంది. దాని పర్యవసానం కూడా చూసుకో. ఆ నలుగురు పిల్లలు నీ దగ్గరికి వస్తున్నది నువ్వు లీడర్‌వని కాదు, సీనియర్‌వని. పదవి పోయినా వాళ్లు వస్తూనే ఉంటారు. ఆఫీసులో నీ మాటకు ఇప్పుడున్న కాస్త చోటు మాత్రం పోతుంది. లేదా ఇలాగే కొనసాగవచ్చు. కోర్సు అయ్యేసరికి స్టేజీ మీద ఒక షీల్డు ఇస్తారు. ఇంటర్వ్యూలో క్రింపింగ్ (వైరు కొసకు లగ్గు బిగించడం) చేసి చూపించమన్నప్పుడు ఆ షీల్డు పనికిరాదు.

మూడో దారి, పదవి ఉంచుకుని దాని పనులు మార్పించడం. నాకు ఇది మేలనిపిస్తుంది, కానీ దీనికి ఒకసారి ధైర్యం చేసి మాట్లాడాలి. ఇన్‌స్ట్రక్టరు ఒంటరిగా ఉన్నప్పుడు, మిగతా ఇద్దరు అమ్మాయిల్లో ఒకరిని వెంట తీసుకెళ్లి మాట్లాడు. ఫిర్యాదులా మొదలుపెట్టొద్దు. "సార్, లీడర్‌గా పెట్టినందుకు సంతోషం. కానీ ప్రాక్టికల్ టైంలో నేను ఆఫీసులో ఉంటే జాబ్‌లు (ప్రాక్టికల్ పనులు) మిస్సవుతున్నాను. స్టార్ డెల్టా, ఇంకా మిస్సయినవి లిస్టు రాసుకొచ్చాను. ఈ నెలలో అవి చేయడానికి అవకాశం ఇవ్వండి. ఆఫీసు పనులు అందరం వంతులవారీగా చేస్తాం, అబ్బాయిల్లోంచి కూడా ఒక లీడర్‌ని పెట్టండి" అను. చేతిలో లిస్టు ఉండాలి. ఊరికే "నాకు ప్రాక్టికల్ దొరకట్లేదు" అంటే "చూద్దాంలే అమ్మా" అంటారు. పేరు, తేదీ, జాబ్ నంబరు ఉన్న కాగితాన్ని పక్కన పెట్టడం కష్టం.

ఆయనకు కోపం వస్తే? మార్కుల భయం ఉందన్నావు. ఇంటర్నల్ అసెస్‌మెంట్ ఇన్‌స్ట్రక్టరు మనసులోంచి వచ్చే నంబరు కాకూడదు. ప్రతి ట్రైనీకీ విడిగా పోర్ట్‌ఫోలియో ఉండాలి. వర్క్‌షాపులో చేసిన జాబ్‌లు, డైలీ డైరీ, వైవా, ప్రోగ్రెస్ చార్ట్, హాజరు ఆధారంగా మార్కులు వేయాలి. ఆ ఆధారాలను పరీక్ష దాకా తనిఖీ కోసం భద్రపరచాలని నిబంధనలోనే ఉంది. కాబట్టి నీ డైరీ నువ్వు నిజాయితీగా, ఏ రోజుకారోజు రాసుకో. చేసిన జాబ్ ఫొటో తేదీతో తీసి పెట్టుకో. చేయని జాబ్ చేసినట్టు ఇకమీదట రాయొద్దు, ఎవరు రాయమన్నా సరే. నీకు రక్షణగా నిలిచే కాగితాలు ఇవే. భయం మొత్తం పోతుందని చెప్పను, కానీ ఒట్టి చేతులతో మాట్లాడటం కంటే మేలు.

జూనియర్ల విషయంలో నువ్వు చేయగలిగిన అసలైన పని వర్క్‌షాపులోనే ఉంది. గాడి కొట్టేటప్పుడు అబ్బాయి సుత్తి తీసుకుంటే నువ్వు పక్కన నిలబడి "ఆమె వంతు అయ్యాక నీ వంతు" అంటే చాలు. రోజుకు ఒక్కసారి ఆ మాట వినిపించాలి. ఏ జాబ్‌లో ఏ పని ఎవరి చేతితో జరిగిందో రాసే ఒక చార్ట్ గోడ మీద పెట్టించు. బక్కగా ఉన్న అబ్బాయిలకూ దానివల్ల మేలే, వాళ్ల చేతిలోంచి కూడా పనిముట్లు పోతుంటాయి. క్లాసులో నీతో కలిసి నిలబడే ఇద్దరు ముగ్గురు అబ్బాయిలు తప్పకుండా ఉంటారు. ఎగతాళి చేసేవాళ్ల గొంతు పెద్దది కావడంతో వీళ్లు కనపడరంతే. అబ్బాయి లీడర్‌ని వీళ్లలోంచే అడుగు.

వారంలో ఒకరోజు క్లాసులయ్యాక ఒక గంట, అన్ని ట్రేడ్ల అమ్మాయిలు కలిసి పనిముట్లతో కూర్చునేలా పర్మిషన్ తీసుకో. ఎవరో ఒక ఇన్‌స్ట్రక్టరు ఉండాలి, కరెంటుతో పని కాబట్టి ఈ ఒక్క షరతు వదలొద్దు. అక్కడ తప్పు చేస్తే నవ్వేవాళ్లు ఉండరు. డ్రిల్లింగ్ మెషిన్ మొదటిసారి పట్టుకున్నప్పుడు మణికట్టు తిప్పేస్తుంది, బలం చాలక అనుకుంటారు. కాళ్లు ఎక్కడ పెట్టాలి, మోచెయ్యి ఒంటికి ఎంత దగ్గరగా ఉంచాలి అన్నది ఎవరూ చెప్పకపోవడమే కారణం. గ్లవ్స్ సంగతీ అంతే. మగవాళ్ల సైజు గ్లవ్స్ చిన్న చేతికి వదులైతే టెర్మినల్ స్క్రూ పట్టు దొరకదు, ఆ పిల్ల పనిరానిదని పేరొస్తుంది. చిన్న సైజు గ్లవ్స్, సేఫ్టీ షూలు ఇండెంట్‌లో (ఆఫీసు తెప్పించాల్సిన సామాన్ల జాబితాలో) రాయించు. చున్నీ తీసి ఏప్రాన్ వేసుకోవడం, జడ ముడేసుకోవడం తిరిగే యంత్రం దగ్గర తప్పనిసరి. ఎవరైనా దానికి వేరే అర్థాలు తీస్తే, ఇది వర్క్‌షాప్ రూలని ఇన్‌స్ట్రక్టరు చేతనే చెప్పించు.

ఈ గంటను నువ్వే నడపొద్దు. ఒక వారం ప్లంబర్ అమ్మాయి పైపు థ్రెడింగ్ చూపించాలి, ఇంకో వారం డ్రాఫ్ట్స్‌మన్ అమ్మాయి ప్లాన్ చదవడం చెప్పాలి. ఎలక్ట్రికల్ పాయింట్ ఎక్కడ రావాలో ప్లాన్ చూసి చెప్పగలిగితే సైటులో నీ విలువ పెరుగుతుంది, అది నీకూ లాభమే. నువ్వు వెళ్లిపోయాక వచ్చే ఏడాది చేరే అమ్మాయిలకు 'అక్క' కావాల్సింది వీళ్లే. ఇప్పటినుంచే వాళ్ల చేత మాట్లాడించు, లెటర్లు రాయించు, ఆఫీసుకు వాళ్లను ముందు పెట్టి నువ్వు వెనక నిలబడు.

బాత్రూమ్ తాళం సంగతి త్వరగా తేలుతుంది, ఎందుకంటే మీరు అనుకున్నంత తక్కువమంది కారు. 'మగపిల్లల ట్రేడ్ల'లో ఉన్న అమ్మాయిలనే నువ్వు లెక్కపెట్టావు. మీ ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్), కుట్టు ట్రేడ్లు ఉంటే అక్కడి అమ్మాయిలందరికీ ఇదే తిప్పలు. అందరి సంతకాలతో ప్రిన్సిపాల్‌కు ఒక లెటర్ ఇవ్వండి. తాళంచెవి అమ్మాయిల దగ్గరే వంతులవారీగా ఉంటుందని, శుభ్రత, డస్ట్‌బిన్, నీళ్ల సంగతి మీరే గమనించి చెబుతారని రాయండి. ఒక కాపీ మీద ఆఫీసు స్టాంపు వేయించుకో. ప్రిన్సిపాల్ పట్టించుకోకపోతే మేనేజ్‌మెంట్ కమిటీ ఉంటే దానికి, ఆపైన ఉపాధి శిక్షణ శాఖకు రాయవచ్చు. చాలాచోట్ల అంతదాకా వెళ్లాల్సిన అవసరం రాదు.

మీ అమ్మ మాటకు వద్దాం. ఆమె పిరికితనంతో అనడం లేదు. సైటులో గొంతెత్తిన ఆడకూలీని మర్నాడు పనికి పిలవకపోవడం ఆమె కళ్లారా చూసి ఉంటుంది. సర్టిఫికెట్ ముందు అనడం కూడా సబబే, నువ్వు దాన్ని పణంగా పెట్టొద్దు. "అమ్మా, నేను గొడవ పడటం లేదు, నా పని నేను నేర్చుకోవడానికే అడుగుతున్నాను" అని చెప్పు. వీలైతే ఒక ఆదివారం ఇంట్లో స్విచ్‌బోర్డు విప్పి, మెయిన్ ఆపి, ఆమె చేత ఒక కనెక్షన్ బిగించి చూపించు. నీ భాష ఆమెకు అప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది.

ఒంటరిగా తలపడాలా అన్న దిగులు కూడా నీ ఉత్తరంలో ఉంది. తెలంగాణలో 2019లో దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చినప్పుడు ఆడవాళ్లకు అవకాశం లేదు. ఐటీఐ చదివిన అమ్మాయిలు కొందరు కలిసి హైకోర్టుకు వెళ్లారు. కోర్టు చెప్పాక స్తంభం ఎక్కే పరీక్షలో నెగ్గి, సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష 2022లో ఉద్యోగంలో చేరింది. పేపర్లో ఒక్కరి ఫొటో వస్తుంది, కోర్టుకు వెళ్లింది మాత్రం ఒక్కరే కాదు. జార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ మరుగుదొడ్లు కట్టడానికి మేస్త్రీలు చాలనప్పుడు పల్లెల్లోని స్త్రీలకు తాపీ పని నేర్పారు, వాళ్లను 'రాణీ మిస్త్రీ'లని పిలిచారు. గుజరాత్‌లో స్వయం ఉపాధి మహిళల సంఘం 'సేవా' నిర్మాణ కూలీ స్త్రీలకు మేస్త్రీ పని, ప్లంబింగ్, వైరింగ్ నేర్పడానికి ప్రత్యేకంగా బడే పెట్టింది. ఈ రెండు చోట్లా ఆడవాళ్లు గుంపుగానే నేర్చుకున్నారు. నువ్వు ఆ నలుగురితో మొదలుపెట్టేది కూడా అలాంటిదే.

ఆఖరుగా అప్రెంటిస్ విషయం. ఆ కాంట్రాక్టరు మాట ఒక్కటే నీకున్న దారి అనుకోవద్దు. అప్రెంటిస్‌షిప్ 1961 నాటి చట్టం ప్రకారం నడుస్తుంది. ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి, కనీస స్టైపెండ్ నిబంధనల్లోనే ఉంది. ఆ పోర్టల్‌లో నీ పేరు నువ్వే నమోదు చేసుకుని, ఎవరి సిఫార్సూ లేకుండా విద్యుత్ సంస్థలకు, ఫ్యాక్టరీలకు, పెద్ద నిర్మాణ కంపెనీలకు అప్లై చేయవచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లాంటి చోట ఇచ్చే శిక్షణల గురించి కూడా వాకబు చెయ్యి. నువ్వు పనిచేసిన అనుభవం తర్వాత వైర్‌మన్ పర్మిట్‌కు (వైరింగ్ పని చేయడానికి ఇచ్చే అనుమతికి) ఉపయోగపడుతుంది కాబట్టి, మొదటి ఏడాది ఎక్కడ చేస్తావన్నది ముఖ్యమే. రాతలో లేని హామీని నమ్ముకుని మిగతా తలుపులు మూసుకోవద్దు.

ఆ కాంట్రాక్టరు దగ్గరే చేరాలనుకుంటే అదీ నీ ఇష్టమే, పేదింట్లో పిల్లకు దగ్గరి పని వదులుకోవడం తేలిక కాదని నాకు తెలుసు. కానీ జూనియర్ ఏం నిర్ణయించుకుందో తెలిసేదాకా అతనికి 'సరే' అనొద్దు. ముందే ఒప్పుకుంటే ఆమెతో నువ్వు మాట్లాడే ప్రతి మాటలో ఆ ఉద్యోగం అడ్డొస్తుంది, నీకు తెలియకుండానే "ఊరుకో" అనేస్తావు. ఆమె ఫిర్యాదు చేశాక కూడా అతను ఆ సూపర్‌వైజరును సైటు నుంచి తప్పించి, కమిటీ విచారణకు సహకరిస్తే, అప్పుడు ఆలోచించు. "చిన్నపిల్లల మాటలు పట్టించుకోకండి" అన్నాడంటే, రేపు నీకేదైనా జరిగినా అతని నోట అదే మాట వస్తుంది. ప్రస్తుతానికి ఇన్‌స్ట్రక్టరుతో "ఇంట్లో అడిగి చెబుతాను సార్" అని గడువు తీసుకో, ఈ వారమే పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో. జూనియర్‌తో మాట్లాడాక, ఆమె వయసు, చివరిసారి జరిగిన తేదీ తెలిశాక మళ్లీ రాయి. ఆ ఉత్తరాన్ని అచ్చు వేయను, నీకు విడిగా జవాబిస్తాను.